పెట్టె మీద రాయని మాట

హిల్యా కెంపైనెన్ చేసిన తూటా గురి తప్పితే తప్పు కాల్చినవాడిదేనని ఆ చుట్టుపక్కల పదకొండు ఇళ్లవాళ్లు ఏనాడో తీర్మానించుకున్నారు. ఆ తీర్మానాన్ని సవరించవలసిన అవసరం నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. సుపీరియర్ సరస్సుకు దక్షిణాన ఉన్న ఆ పల్లెలో ఆమె ఇరవై ఎనిమిదేళ్లు బడిపిల్లలకు వండిపెట్టింది. పిల్లలు చాలరన్న కారణం చూపి, ఒక్క ఇంటివాళ్లనైనా పిలిచి అడగకుండా, పైవాళ్లు ఒక మధ్యాహ్నం ఆ బడిని మూసేశారు. అప్పటినుంచి ఆమె చేతులకు మిగిలిన పని ఇదొక్కటే. వంటింటి వెనక గదిలో, కిటికీ పక్కనున్న బల్ల దగ్గర కూర్చుని, ఇరుగుపొరుగు వాళ్ల జింకల వేటకు తూటాలు తయారుచేయడం.

దీన్ని కాలక్షేపమని పిలిచేవాళ్ల మీద ఆమెకు కోపం వచ్చేది. ఆ ఇళ్లలో ఉన్నవి తాతల నాటి రైఫిళ్లు. కింద మీట లాగితే పాత డొప్ప ఎగిరిపడి కొత్త తూటా ఎక్కే రకం. అందులో సగం రైఫిళ్లకు సరిపడే తూటాలను కంపెనీలు చేయడం మానేశాయి. మిగతా సగానికి సరిపడేవి నవంబరు వచ్చేసరికి ముప్పై మైళ్ల దూరంలోని దుకాణంలో కనబడవు. అడిగితే, కొత్త రైఫిలు కొనుక్కోమని అక్కడి కుర్రవాడు నవ్వుతూ సలహా ఇస్తాడు. పదిహేనో తారీఖున మొదలై నెలాఖరుకు ముగిసే ఆ వేటలో పడిన జింక ఫిబ్రవరి దాకా ఒక కుటుంబం తినే మాంసం. దాన్ని సరదా అనడానికి నిండిన ఫ్రిజ్ ఉన్నవాడికే నోరు వస్తుంది.

పని నేర్పింది పిన్ని ఐలి. యుద్ధకాలంలో దక్షిణాన ఒక తూటాల కర్మాగారంలో మూడేళ్లు పనిచేసి, రెండు వేళ్ల కొసలు అక్కడే వదిలి వచ్చిన మనిషి. కాల్చేసిన ఇత్తడి డొప్పలను కడిగి, అచ్చులో నొక్కి పూర్వపు ఆకారానికి తేవడం, అడుగున నిప్పురవ్వ పుట్టించే చిన్న క్యాపును బిగించడం, తుపాకీ మందును త్రాసులో తూచి పోయడం, పైన సీసపు గుండును మీటతో దిగనొక్కడం: ఇవన్నీ వారం రోజుల్లో నేర్పింది. మందు పోసిన ప్రతి డొప్పలోకీ గుండు బిగించే ముందు దీపం పెట్టి తొంగిచూడమన్న ఒక్క సంగతిని మాత్రం చనిపోయేదాకా నేర్పుతూనే ఉంది. "చూశాననుకోవద్దే, చూడు" అనేది. హిల్యా ఇప్పటికీ ఆ గదిలోకి వెళ్లగానే ముందుగా ఆ పిన్నిని తలుచుకునేది. పదకొండు ఇళ్లలో ఎవరి వేళ్లూ తెగలేదంటే అది ఐలి వేళ్లు పెట్టిన భిక్ష అని ఆమె నమ్మకం.

ఆ పాత రైఫిళ్లకు ఒక నియమం ఉంది. తూటాలు బ్యారెల్ కింద ఉండే సన్నని గొట్టంలో, ఒకదాని వెనక ఒకటి, రైలుపెట్టెల్లా నిలుస్తాయి. వెనకదాని మొన ముందుదాని అడుగున ఉన్న క్యాపును తాకుతూ ఉంటుంది. అందుకని ఈ తూటాల ముక్కు చదునుగా ఉండి తీరాలి. ముక్కు సూదిగా ఉంటే, కాల్చిన అదురుకు ఆ సూది క్యాపును పొడిచి, గొట్టంలోని తూటా అక్కడే, కాల్చేవాడి ఎడమ అరచేతి కిందే పేలవచ్చు. వంద సార్లకు ఏమీ కాకపోవచ్చు. నూట ఒకటోసారి సంగతికి ఎవరూ పూచీ పడలేరు.

అయినా ఆ నియమానికి ఆ ఊళ్లో ఒక మినహాయింపు ఉండేది. సూది మొన గుండు దూరం పోతుంది, వాలకుండా పోతుంది. చెట్లు నరికేసిన విశాలమైన బయలు అంచున కూర్చునే ముసలివాళ్లకు అదంటే మోజు. వాళ్లు బ్యారెల్లో ఒక తూటా, కింది గొట్టంలో ఒక తూటా, మొత్తం రెండే పెట్టుకునేవాళ్లు. గొట్టంలో ఒక్కటే ఉంటే దాని వెనక పొడిచేది ఏదీ ఉండదు కాబట్టి ప్రమాదం లేదు. ఈ "రెండే" అన్న మాట ఎక్కడా అచ్చయి లేదు. తండ్రి కొడుక్కు చెప్పేవాడు, అందరికీ తెలుసనుకునేవాళ్లు.

ఆ సెప్టెంబరులో ఉర్హో హిర్కాస్ వచ్చి అడిగాడు. డెబ్బై ఆరేళ్ల ఒంటరి మనిషి, మాటలో పెడసరం, మనసులో వెన్న.

"నాక్కొన్ని సూది మొనవి చేసిపెట్టు హిల్యా. ఆ బయలు అవతలి గట్టు మీద ఒక పెద్ద మగజింక నన్ను చూసి మూడేళ్లుగా నవ్వుతోంది."

"నీ మొహం చూసి నవ్వకుండా ఉండటం దాని తరమా?"

"చేస్తావా చెయ్యవా?"

"రెండే పెడతావా?"

"నాకు నువ్వు చెప్పాలా? నువ్వు పుట్టకముందు నుంచీ రెండే పెడుతున్నా."

"నేను పుట్టినప్పుడు నీకు అయిదేళ్లురా ముసలోడా."

ఇరవై చేసింది. ప్రతిదాన్నీ దీపం కింద చూసింది. పాత అట్టపెట్టెలో సర్ది, మూత మీద మందు బరువు, గుండు బరువు, తారీఖు, ఉర్హో పేరు శుభ్రమైన అక్షరాలతో రాసింది. రెండే పెట్టాలన్న మాట రాయలేదు. ఉర్హోకు తెలుసు కదా అనుకుంది.

నవంబరు పద్నాలుగు పొద్దున, వేట మొదలవడానికి ఒక్కరోజు ముందు, ఆమె రొట్టె పిండి పిసుకుతుండగా మరిది రేనో వచ్చాడు. బూట్ల మంచు గుమ్మంలో దులపకుండా లోపలికి రావడం అతని పాత అలవాటు.

"విన్నావా వదినా? ఉర్హో మొన్న కప్పు మీద మంచు తోయడానికెక్కి జారిపడ్డాడట. తుంటి విరిగింది. ఆపరేషన్ కూడా అయిపోయింది."

"ఆ వయసులో కప్పెక్కడమేంటి! బానే ఉన్నాడా?"

"నర్సుల్ని తిడుతున్నాడంటే బానే ఉన్నట్టే. ఈ ఏడు వాడికి వేట లేనట్టే గానీ, అడవిలోని వాడి వేట గుడిసె ఖాళీగా లేదులే. మేనకోడలు సెన్యా ఉందిగా, వృద్ధాశ్రమంలో పనిచేసే పిల్ల. దానికిచ్చాడట తాళంచెవి. రైఫిలూ తూటాలూ అన్నీ అక్కడే ఉన్నాయి, వాడుకో అన్నాడట. నిన్న సాయంత్రమే వెళ్లింది. మొదటిసారి పాపం."

హిల్యా చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"ఏ తూటాలు?"

"వాడివే. నువ్వు చేసినవే. వేరేవాళ్లవి వాడతాడా వాడు?"

ఆమె చేతులు కడుక్కోకుండానే ఫోను అందుకుంది. ఆసుపత్రిలో మూడు చోట్లకు మారాక ఉర్హో గొంతు వినిపించింది. మందుల మత్తులో కాస్త ముద్దగా ఉంది.

"ఉర్హో, సెన్యాకి రెండే పెట్టమని చెప్పావా?"

"ఎవరికి? ఏంటి రెండు?"

"సూది మొనవి. నేను చేసినవి. రెండే పెట్టాలని ఆ పిల్లకి చెప్పావా?"

"డ్రాయర్లో ఉన్నాయని చెప్పాను" అన్నాడు ఉర్హో. "అంతే చెప్పాను. హిల్యా, చెప్పలేదు నేను. అది నా నోటినుంచి రాలేదు. దేవుడా, వెళ్లు, నువ్వు వెళ్లు."

చెప్పినట్టే గుర్తు అని తప్పించుకోవడానికి అతనికి వీలుంది. మత్తు మీద తోసేయడానికీ వీలుంది. ఆ రెండూ చేయకుండా ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నందుకు ఆమె ఆ క్షణాన అతనికి మనసులోనే దండం పెట్టుకుంది.

"నేనూ వస్తా వదినా" అన్నాడు రేనో.

"వద్దు. గుడిసె దగ్గర ఫోను పనిచెయ్యదు. ఒకవేళ తన పిల్లల్ని చూడ్డానికి ఇంటికొచ్చిందనుకో, అక్కడెవరో ఒకరుండాలి. నువ్వు వాళ్లింటికెళ్లు. వస్తే ఆ రైఫిలు ముట్టుకోనివ్వకు."

చదునైన మొనతో చేసిన పెట్టె ఒకటి అరలోంచి తీసి కోటు జేబులో వేసుకుని ఆమె ట్రక్కెక్కింది.

గుడిసె దారి పన్నెండు మైళ్లు. అందులో అయిదు మైళ్లు కలప లారీలు తొక్కిన మట్టిరోడ్డు, దాని మీద జానెడు మంచు. డెబ్బై ఒక్క ఏళ్ల వయసులో ఆమె అంత వేగంగా ఎన్నడూ నడపలేదు. దారి పొడుగునా తన మీద తానే అభియోగం మోపుకుంటూ పోయింది. నీకు నియమం తెలుసు. ప్రమాదం తెలుసు. తూటా నీ చేతులతో చేశావు. పెట్టె నీ చేతులతో మూశావు. పెట్టెకు కాళ్లుండవు గానీ అది ఒక చేతినుంచి ఇంకో చేతికి పోతుందని కూడా తెలుసు. మూత మీద ఇంకా రెండు వేళ్ల జాగా ఉంది. ఉర్హోకు తెలుసు కదా అన్నది జవాబు కాదు. తెలిసినవాడి కోసం ఎవరూ రాయరు, తెలియని మనిషి కోసమే రాస్తారు.

మలుపు దగ్గర అద్దం దించి వింటుంటే మొదటి చప్పుడు వినబడింది. కంకర గుంట వైపునుంచి. గుడిసెకు పావు మైలు ఇవతల, వేటకు ముందురోజు అందరూ గురి సరిచూసుకునే చోటు అది.

రెండో చప్పుడు వినబడేదాకా ఆ పిల్లకు రెండు చేతులూ ఉన్నాయో లేదో తెలిసే మార్గం లేదు. తన జన్మలో ఏ శబ్దం కోసమూ అంతగా ఎదురుచూడలేదు, ఏ శబ్దానికీ అంతగా భయపడలేదు. రెండోది పేలింది. అంటే మొదటిది చెడు చేయలేదు. ఆ వెంటనే హారన్ మీద అరచెయ్యి పెట్టి తీయకుండా నొక్కి, అలాగే గుంట వైపు ట్రక్కును దూకించింది. హారన్ మోగుతుండగానే మూడోదీ పేలింది. నాలుగోది పేలలేదు.

గుంట అంచున నారింజ రంగు కోటు వేసుకున్న సెన్యా రైఫిలు నేలకు దించి నిలబడి ఉంది. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి. చిన్నప్పుడు హిల్యా బడిలో వండిన బఠానీ సూపు రెండోసారి అడిగి తిన్న నలుగురైదుగురు పిల్లల్లో ఒకతె; బడిలో పిలిచినట్టే ఇప్పటికీ ఆమెను మిసెస్ కె అంటుంది. మొహం పాలిపోయింది.

"మావయ్య పోయాడా మిసెస్ కె?"

"పోలేదు. అక్కడ అందర్నీ తిడుతున్నాడు. ఆ మీట లాగావా?"

"లేదు. హారన్ విని ఆగిపోయా."

"వేలు తీసెయ్. రైఫిలు మొన ఆ మట్టిగట్టు వైపే ఉంచు. ఎన్ని పెట్టావు?"

"ఆరు. పట్టినన్ని పెట్టా. ఎందుకు, పెట్టకూడదా?"

హిల్యా రైఫిలు అందుకుంది. మొనను గట్టు వైపు పెట్టి, మీటను నెమ్మదిగా, గుడ్డు పట్టుకున్నంత మెత్తగా ఆడించి, మిగిలిన మూడు తూటాలనూ ఒక్కొక్కటిగా తన టోపీలోకి రాల్చింది. ట్రక్కు మెట్టు మీద కూర్చుని, కళ్లద్దాలు సవరించుకుని, తూటాలను తిరగేసి అడుగులు చూసింది. మూడింట్లో రెండింటి క్యాపుల మధ్య, సూదితో గుచ్చినట్టు, చిన్న చుక్కంత లొట్ట పడి ఉంది.

"ఇటు రా. చూడు."

సెన్యా వంగి చూసింది. హిల్యా ఆమెకు మొత్తం చెప్పింది. గొట్టంలో తూటాలు ఎలా నిలుస్తాయో, వెనకదాని మొన ముందుదాన్ని ఎక్కడ తాకుతుందో, ప్రతి కాల్పుకూ ఆ మొన ఎలా పొడుస్తుందో వేళ్లతో చూపించింది. ఊళ్లో ముసలివాళ్లు రెండే ఎందుకు పెడతారో చెప్పింది. ఆ మాట పెట్టె మీద తను రాయలేదని చెప్పింది.

సెన్యా తన ఎడమ చేతి గ్లవ్ తీసి అరచెయ్యి చూసుకుంది.

"ఈ చెయ్యి సరిగ్గా దాని కిందే ఉంది."

"ఉంది."

"ఈ చేత్తోనే రోజూ పద్నాలుగు మందిని లేపి కూర్చోబెడతాను మిసెస్ కె. ఇది పోతే నాకు ఉద్యోగం ఎవరిస్తారు? నా పిల్లలకెవరు పెడతారు?"

"ఎవరూ ఇవ్వరు. ఎవరూ పెట్టరు."

"మరి ఎవరిది తప్పు? మావయ్యదా?"

"ఆయన చెప్పడం మర్చిపోయాడు. అది నిజం. కానీ చెప్పడం మర్చిపోయినా ఏమీ కాకుండా చూడాల్సింది పెట్టె. ఆ పెట్టె నాది. తప్పు నాది సెన్యా."

సెన్యా రెండడుగులు అటు నడిచింది. వెనక్కి తిరిగి వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు కోపంతో వచ్చినవని హిల్యా గ్రహించి, వాటిని తుడిచే ప్రయత్నం చేయలేదు. ఓదార్చే హక్కు తప్పు చేసినవాళ్లకు ఉండదని ఆమె అభిప్రాయం.

"మీరు గనక పొరపాటు అయిపోయిందిలే అన్నా, చిన్నపిల్లవి నీకు తెలీదులే అన్నా, ఈ రైఫిలు ఆ గుంటలో పారేసి వెళ్లిపోయేదాన్ని" అంది చివరికి. కోటు జేబులోంచి నల్ల సిరా మార్కరు తీసింది. ఆశ్రమంలో ముసలివాళ్ల బట్టల మీద పేర్లు రాసేది. "రాయండి. ఇప్పుడే. నేను చూస్తుండగా."

హిల్యా సూది మొనల పెట్టె అందుకుని, మూతకు నాలుగు వైపులా, రెండు వేళ్ల ఎత్తు అక్షరాలతో రాసింది: గొట్టంలో పెట్టరాదు. ఇంటికి వెళ్లగానే వాటిని విప్పేస్తానంది. "విప్పేదాకా కూడా ఉండాలిగా రాత" అంది సెన్యా. ఆ మాటకు హిల్యా తల వంచింది. తర్వాత జేబులోంచి చదునైన మొనల పెట్టె తీసింది. సెన్యా దాన్ని ముట్టుకోలేదు.

"వీటికేం భయం లేదా?"

"లేదు."

"ఇందాక డ్రాయర్లోవీ మీరు చేసినవే కదా."

ఆ మాట గుచ్చుకుంది, గుచ్చుకోవలసినదే. హిల్యా ఆరు తూటాలు తీసి ఒక్కొక్కదాని ముక్కూ సెన్యా బొటనవేలితో తడిమించి గొట్టం నిండా పెట్టింది. "ముందు నేను కాలుస్తా. ఆరూ. నువ్వు ఆ ట్రక్కు వెనక్కెళ్లి నిలబడు."

"మీరా? ఎప్పుడు కాల్చారు ఆఖరిసారి?"

"తొమ్మిదేళ్లయింది."

"భుజం ఊడొస్తుంది మిసెస్ కె! మిమ్మల్ని లేపి కూర్చోబెట్టేది మళ్లీ నేనే."

"పదిహేనోదాన్నవుతాలే. నడు."

ఆమె గ్లవ్ తీసేసింది. వట్టి ఎడమ అరచేతిని గొట్టం కింద ఉంచి, చెంపను రైఫిలు కట్టెకు ఆనించి, ఎదుటి గట్టు మీద సెన్యా గుచ్చిన కాగితపు పళ్లేనికి గురిపెట్టింది. ఆరుసార్లు మీట లాగింది, ఆరుసార్లు కాల్చింది. భుజం నిజంగానే ఊడినంత పనయింది. పళ్లెంలో అయిదు చిల్లులు పడ్డాయి.

"ఒకటి పోయింది" అని అరిచింది సెన్యా ట్రక్కు వెనకనుంచి.

"చలికి కళ్లమ్మట నీళ్లొస్తున్నాయ్."

"కాల్చినవాళ్లదే తప్పంటారుగా మన ఊళ్లో!"

హిల్యా నవ్వింది. పొద్దున్నుంచి అదే మొదటిసారి. సెన్యా వచ్చి రైఫిలు అందుకుంది. ఆరు తూటాలు ఎంచి, ప్రతిదాని ముక్కూ తనే తడిమి చూసుకుని, గొట్టంలో పెట్టుకుంది. హిల్యాను ట్రక్కు వెనక్కి వెళ్లమనలేదు. హిల్యా కూడా వెళ్లలేదు. ఆ పిల్ల ఎడమ మోచేతికి పక్కనే నిలబడి, ప్రతి చప్పుడుకూ ఆ అరచేతినే చూస్తూ ఉండిపోయింది. ఆరుసార్లూ ఆ చెయ్యి చెక్కుచెదరకుండా, వెచ్చగా, అయిదు వేళ్లతో అక్కడే ఉంది.

అదృష్టానికి కృతజ్ఞత చెప్పడం హిల్యాకు చేతకాదు. అదృష్టం ఎవరికీ పూచీ పడదు, రేపు ఇంకొకరి చెయ్యి తీసుకుంటుంది. ఆమె కృతజ్ఞత మనుషులకే. బూట్ల మంచు దులపకుండా వచ్చి ఊసుపోక ఆ కబురు చెప్పిన రేనోకు. మంచంలో పడి ఉండీ నిజం చెప్పిన ఉర్హోకు. అన్నిటికన్నా, ఎందుకో ఏమిటో తెలియకపోయినా ఎవరో పిలుస్తున్నారని తెలిసి వేలు వెనక్కి తీసుకున్న ఈ పిల్లకు. ఆ ఊళ్లో ఇలాంటి మాట ఎవరూ పైకి అనరు. ఒక బండెడు కట్టెలు తెచ్చి వాకిట్లో దింపి, పలకరించకుండా వెళ్లిపోతారు. హిల్యా పైకే అంది.

"హారన్ విని ఆగావు. థాంక్స్ సెన్యా. ఇది నేను మర్చిపోను."

సెన్యా మంచులోంచి ఇత్తడి డొప్పలు ఏరుతూ తలెత్తలేదు. "ఆగకపోతే ట్రక్కుతో గుద్దేసేలా ఉన్నారు" అంది. కాసేపటికి, గొంతు మార్చి, "మీరు రేనోగారిని పంపించి ఊరుకోవచ్చు. మీరే వచ్చారు" అంది. డొప్పలు గుప్పెట నిండా తెచ్చి హిల్యా టోపీలో పోసింది. "గుడిసెలో కాఫీ ఉంది. మాంసం కూరిన పాస్టీలూ తెచ్చా, చల్లారిపోయుంటాయ్. తినేసి వెళ్లండి. వెళ్లేటప్పుడు మా ఇంటి ముందాగి, రేనోగారితో చెప్పండి, నేను రేపటిదాకా రానని. రేపు పొద్దున్నే ఆ బయలు అంచున కూర్చోవాలి నేను."

"ఆ మగజింక దూరంగా ఉంటుంది. వీటితో అందదు."

"దగ్గరికొచ్చినదాన్నే కొడతాను" అంది సెన్యా, రైఫిలు భుజాన వేసుకుని గుడిసె దారి పడుతూ. హిల్యా ట్రక్కు తాళంచెవి తీసి జేబులో వేసుకుని, మంచులో ఆమె అడుగుల వెంట నడిచింది.